పదమూడు గుడ్లు, ఒక కలుగు

దీపావళి మర్నాడు ఉదయం నరసింగరావు వేసుకున్న పథకం చాలా చిన్నది. భార్యని విజయనగరం బస్సెక్కించాలి. ఇంటికొచ్చి వేణ్ణీళ్ళు పోసుకోవాలి. వరండాలో పడక్కుర్చీ వేసుకుని ఐదు రోజులపాటు ఎవరిచేతా ఏమీ అనిపించుకోకుండా బతకాలి. ఆర్టీసీలో ముప్పై రెండేళ్ళు కండక్టరుగా చేసి దిగిన మనిషి. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ అరవై మంది మీద ఆయనొక్కడే అరిచేవాడు. ఇంటిపట్టున ఉన్నప్పటి నుంచీ అరవై మంది పెట్టు ఒక్కరే అరుస్తున్నారు, అదీ ఆయన మీద. ఆయన రిటైర్డే గానీ, దాలమ్మ ఎప్పుడూ టైర్డు కాదు.

ఎస్.కోట కాంప్లెక్సులో బస్సు కిటికీలోంచి దాలమ్మ తల బయటపెట్టింది. విజయనగరంలో కూతురు కుమారి మెట్టు తప్పి కాలు బెణికించుకుంది, అందుకే ఈ ప్రయాణం.

"మావా, నాను సెప్పింది బుర్రకెక్కినాదా?"

"ఎక్కినాది."

"ఏదీ, ఒకపాలి సెప్పు."

"ఎర్రపెట్ట కింద పదమూడు గుడ్లున్నాయి. నువ్వు తిరిగొచ్చీసరికి పదమూడూ ఉండాల."

"రోజూ సాయంత్రం ఫోటో తీసి పంపాల. పోయినసారి ఏటయ్యిందో గేపకముంది కదా?"

"అవి ఎలకలట్టుకుపోనాయని ఎన్నిసార్లు సెప్పాలి దాలీ?"

"ఏ ఎలకలు మావా? మీసాలున్న ఎలకలా?" అంటూ దాలమ్మ ఆయన మీసాలకేసి చూసింది. బస్సులో సగం మంది కూడా అటే చూశారు. ఒకప్పుడు తాను 'రైట్ రైట్' అంటే గానీ కదలని బస్సు, ఆయన నోరు తెరిచేలోగా కదిలిపోయింది.

విషయం ఏమిటంటే, రెండు నెలల క్రితం ఇదే ఎర్రపెట్ట పొదిగిన పదకొండు గుడ్లలో ఐదు మాయమయ్యాయి. ఆ వారమే ఒకనాడు దాలమ్మ సంత నుంచి వచ్చేసరికి వంటింట్లో ఆమ్లెట్టు వాసన గుప్పుమంది. అది కొట్లో కొన్న గుడ్డని నరసింగరావు మొత్తుకున్నాడు. సాక్ష్యం లేదు. ముప్పై రెండేళ్ళపాటు "టిక్కెట్టు తీసుకున్నాను, ఎక్కడో పడిపోయింది" అన్న ఒక్కడినీ నమ్మని మనిషికి, తన మాట ఎవరూ నమ్మకపోతే ఎలా ఉంటుందో ఆనాడు తెలిసింది. ఎలకలకి బోను కొనకముందే ఆయన బోనెక్కాడు. ఈసారి గనక ఒక్క గుడ్డు తగ్గిందా, ఇక పోయేదాకా ఆయన పేరు గుడ్లదొంగే. ఎలకలు గూట్లోకి రాకుండా చూడడమంటే గుడ్లు కాపాడడం కాదు, పరువు పొదగడం.

అందుకని పడక్కుర్చీ మడిచేసి పలుగు పట్టుకున్నాడు. పెరట్లో కోళ్ళ గూటి చుట్టూ మూరెడు లోతున తగరపు రేకులు పాతాడు. కిటికీకి ఇనప జాలీ బిగించాడు. లోపల కనిపించిన మూడు కన్నాల్లోనూ గాజుపెంకులు కూరి పైన సిమెంటు మెత్తాడు. ఎర్రపెట్ట ఇదంతా ఒక కంటితో చూస్తూ, చెయ్యి దగ్గరికొచ్చినప్పుడల్లా ముక్కుతో పొడుస్తూ పర్యవేక్షించింది. సాయంత్రం గుడ్ల ఫోటోతోపాటు బొబ్బలెక్కిన తన చేతి ఫోటో కూడా పంపాడు. దాలమ్మ గుడ్ల ఫోటో మాత్రమే చూసింది.

మర్నాడు వెళ్ళి చూస్తే, మూడు సిమెంటు మచ్చల పక్కనా మూడు కొత్త కన్నాలు. ఆరీ ఆరని సిమెంటు మీద చిన్న చిన్న పాదముద్రలు. వచ్చినవాళ్ళు ముద్రలు వేసి మరీ వెళ్ళారు. ఆయన జాలీ అయితే కట్టాడు గానీ, అవతలివాళ్ళకి జాలి అంటూ ఒకటి ఉండాలి కదా. పదమూడు గుడ్లూ ఉన్నాయి గనక బతికిపోయాడు. అవి ఎక్కడి నుంచి వస్తున్నాయోనని వెతుక్కుంటూ పోతే, ప్రహరీ గోడ వారన మునగచెట్టు కింద మోకాలెత్తు మట్టికుప్ప, దాని మధ్య గుప్పిలి పట్టేంత కలుగు. ఆ కలుగు చూడగానే ఆయనకి కోపం కలిగింది, ఆ వెంటనే నీరసం కలిగింది, ఆ తరవాత సోములు గుర్తుకొచ్చాడు.

సోములు ఆయన బాల్యమిత్రుడు. వ్యవసాయ శాఖలో ముప్పై ఏళ్ళు అటెండరుగా చేసి, లోపల అధికారులు రైతులకి చెప్పే సలహాలన్నీ గుమ్మం బయట నిలబడి నేర్చుకున్నవాడు. వచ్చి కలుగు చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు.

"ఒరే నరసింగూ, ఎలకకి అనుమానం ఎక్కువరా. ఇయ్యాల బోను పెట్టీసినావనుకో, అటు కన్నెత్తి సూడదు. ముందు దానికి నమ్మకం కుదరాల. రెండ్రోజులు ఇక్కడే కడుపునిండా మేపు. గూటికి ఎల్లడం మానీసి ఇక్కడికి అలవాటు పడిపోతాది. మూడోనాడు అదే సోట బోనెట్టు. పెళ్ళాం పిల్లలతో సహా దిగిపోతాది."

"ఏటి మేపాల?"

"వరిపిండిలో బెల్లం కలిపి ఒక ముద్ద. నువ్వులూ బెల్లం దంచి ఇంకో ముద్ద. పక్కన ఒక గుడ్డు. సీమలు పట్టకుండా సుట్టూ పసుపు జల్లు."

"మా పెళ్ళిలో మగపెళ్ళివారికి కూడా ఇంత మర్యాద జరగనేదురా!"

"ఆళ్ళు గుడ్లెత్తుకుపోయే రకం కాదు కదరా."

నరసింగరావు తానే దంచి, తానే కలిపి, విస్తరాకులో రెండు ముద్దలూ పెట్టి, కొట్లో కొన్న గుడ్డొకటి పక్కన ఉంచి, చుట్టూ పసుపు చల్లి వచ్చాడు. తెల్లారేసరికి ఆకు అద్దంలా ఉంది. గుడ్డు పెంకు కూడా లేదు. గూట్లో పదమూడూ పదిలంగా ఉన్నాయి. ఆనందం పట్టలేక కొత్త ఆకు వేసి, కొత్త ముద్దలు పెట్టి, మోకాళ్ళ మీద కూర్చుని, రెండు చేతులూ నేలకి ఆనించి, నుదురు మట్టికి తగిలేలా వంగి, కన్నంలో కన్ను పెట్టి చూస్తున్నాడు. సరిగ్గా అప్పుడే గోడ మీద పక్కింటి బుల్లమ్మ తల మొలిచింది. ఆ వీధిలో ఎవరింటికీ పేపరు రాదు. బుల్లమ్మ ఉండగా అవసరం కూడా లేదు.

"బావా! ఏటది?"

నరసింగరావు ఉలిక్కిపడ్డాడు. గూటి చుట్టూ ఇంకా ఎలకలు తిరుగుతున్నాయని ఈవిడకి తెలిస్తే, ఐదు నిమిషాల్లో విజయనగరంలో తెలుస్తుంది. దాలమ్మ పరుగున వచ్చేస్తుంది.

"ఏటీ నేదు, ఏటీ నేదు."

"ఏటీ నేకపోతే పసుపెందుకు జల్లినావు? నాకు కనబడతన్నాది గాని, ఎన్నాళ్ళ నుంచి బావా?"

"రెండ్నెల్లయ్యిందిలే."

"ఓలమ్మో! నీ కంట పడిందేటి?"

"ఒకపాలి. ఇలగ వచ్చి అలగ ఎలిపోనాది."

"మరి గుడ్డు తిన్నాదా?"

"పెంకు కూడా మిగల్చనేదు." బుల్లమ్మ గబగబా చెంపలు వాయించుకుంది. భయపడింది కాబోలు అనుకున్నాడు ఆయన. "నీకు పుణ్యముంటాది, మీ అప్పకి మాత్రం సెప్పకు."

"నానెందుకు సెప్తాను బావా! ఇలాటివి సెప్పుకునేవేటి?"

బుల్లమ్మ మాట తప్పే మనిషి కాదు. దాలమ్మకి చెప్పలేదు. వీధి మొత్తానికి చెప్పింది. దాలమ్మ వంతు రావడానికి సాయంత్రమైంది.

పాపం బుల్లమ్మని అనడానికి లేదు. మర్నాడు నాగుల చవితి. ఆవిడ కళ్ళకి కనిపించినవి మట్టిపుట్ట, పసుపు, చలిమిడి, చిమ్మిలి, కోడిగుడ్డు, వాటి ముందు సాష్టాంగపడిన రిటైర్డు కండక్టరు. ఏ తల్లి కన్న బిడ్డయినా ఇంకేమనుకుంటుంది? పైగా ఏటా ఆ వీధివాళ్ళంతా కొండ వారనున్న పొలాల్లోకి నడిచి పుట్టకి పాలు పోసి వస్తారు. ఈ ఏడు తుపాను వానకి గట్లన్నీ జారిపోయి, మోకాటిలోతు బురద. ఎలా వెళ్ళాలిరా భగవంతుడా అని నలభై ఇళ్ళవాళ్ళు తలలు పట్టుకున్న రోజున, ఎల్లలు దాటి వెళ్ళక్కర్లేకుండా ఇళ్ళ మధ్యనే పుట్ట పుట్టింది.

చవితినాడు తెల్లవారుతూనే నరసింగరావు కొత్త బోను చేతపట్టుకుని పెరట్లోకి నడిచాడు. ముందు గూటి తలుపు తీసి, ఎర్రపెట్ట చేత రెండు పోట్లు పొడిపించుకుని లెక్కపెట్టాడు. పన్నెండు. పెట్టని అటు జరిపి లెక్కపెట్టాడు. పన్నెండు. వెనకనుంచి మొదలెట్టి లెక్కపెట్టినా పన్నెండే. దాణా పళ్ళెం కింద మెత్తటి మట్టిలో కొత్త కన్నం ఒకటి నోరు తెరుచుకుని ఆయన్ని చూసి నవ్వుతోంది. రెండ్రోజుల విందు రుచి మరిగి చుట్టాలు కూడా దిగినట్టున్నారు. పెరట్లో వడ్డించింది చాలక వంటింట్లోకే వచ్చేశారు. గూటి పక్కనే చతికిలబడ్డాడు. సాయంత్రం ఫోటో పంపాలి. ఫోటోలో పన్నెండు పదమూడుగా కనిపించే ఫోను ఇంకా రాలేదు.

అంతలో వీధి తలుపు ధనధనా మోగింది. తీస్తే ఎదురుగా బుల్లమ్మ. చేతిలో పాలచెంబు. ఆవిడ వెనక ఇంకో చెంబు, దాని వెనక ఇంకోటి, వీధి మలుపు దాకా చెంబులే.

"దేనికమ్మా ఈ పాలు?"

"దాసినది సాలు గాని పక్కకి జరుగు బావా. అందరి దేవుడ్నీ నువ్వొక్కడివే ఉంచుకుంటావేటి?"

నరసింగరావుకి అప్పుడు అర్థమైంది. "ఓలమ్మా, అది పుట్ట కాదే! ఎలక కలుగు! నమ్మండే! అందులో ఉన్నవి ఎలకలు!"

బుల్లమ్మ జాలిగా చూసింది. "ఎలక తవ్వితే ఏటి బావా? నాగన్న తనకి తాను తవ్వుకుంటాడేటి? ఎలక కట్టిన ఇంట్లోనే కదా ఆయన కాపరముండేది?"

జనం ఇంట్లోకి పొంగారు. గుమ్మం దగ్గర ఒకళ్ళనొకళ్ళు తోసుకుంటుంటే, ఎంత వద్దనుకున్నా ఆయనలోని కండక్టరు లేచి నిలబడ్డాడు. "ఒకళ్ళ ఎనకాల ఒకళ్ళు! ముందున్నోళ్ళు లోపలికి జరగండి! పోసీసినోళ్ళు ఎనక తలుపులోంచి దిగండి!" అని తన సర్వనాశనానికి తానే క్యూ కట్టించాడు. ఈ సందట్లో ఆయన చేతిలోని బోను ఎవరో అందుకున్నారు. గాలికి దీపం కొండెక్కకుండా తెచ్చాడని మెచ్చుకుని, దానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, లోపల ప్రమిద వెలిగించి పుట్ట ముందు పెట్టేశారు.

చెంబు తరవాత చెంబు కలుగులోకి వంగుతోంది. ఆ కలుగు రెండో కొస కోళ్ళ గూటి కింద తేలుతుంది. పాలు అటు పొంగితే మిగిలిన పన్నెండూ ఏమైపోతాయో! ఏం చేయాలో ఆయనకి పాలుపోలేదు. పాలు మాత్రం పోస్తూనే ఉన్నారు. అటు వెళ్దామంటే మధ్యలో నలభై మంది. అరుద్దామంటే వినే చెవి లేదు. ఇంతలో విషయం తెలిసి వచ్చిన సోములు ఆయన పక్కకి చేరాడు.

"ఒరే, నాను మేపమన్నది ఎలకల్ని గదరా. నువ్వు ఊరంతటి సేతా మేపిస్తన్నావేటి?"

"నువ్వు మాటాడకురా. నా నోటంట మంచిమాట రాదు."

బుల్లమ్మ కర్పూరం వెలిగించింది. అందరూ చేతులు జోడించి కళ్ళు మూసుకున్నారు. సోములు కూడా, పక్కవాళ్ళని చూసి, ఎందుకైనా మంచిదని మూసుకున్నాడు. ఆ పెరట్లో అప్పుడు తెరిచి ఉన్నవి రెండే కళ్ళు, అవి నరసింగరావువి. ఆ రెండు కళ్ళ ముందు కలుగులోంచి ఒక ఎలక బయటకొచ్చింది. నిలువెల్లా పాలు. దాని వెనక ఇంకోటి, ఆ వెనక ఇంకోటి, మొత్తం ఏడు ఎలకలు వరసగా బయటికొచ్చి, బడిపిల్లల్లా గోడ వారన నిలబడి ఒళ్ళు దులుపుకున్నాయి. రెండు నెలల నుంచి ఆయన వెతుకుతున్న సాక్ష్యం! నలభై మంది సాక్షులు అక్కడే ఉన్నారు. అందరి కళ్ళూ మూసే ఉన్నాయి.

"కళ్ళు తెరండర్రా!" అని ఆయన కేకపెట్టడం, వీధిలో కుర్రకారు దీపావళినాడు మిగిల్చి దాచుకున్న సీమటపాకాయల సరం అంటించడం ఒక్కసారే జరిగాయి. ఆయన కేక టపటపల్లో కలిసిపోయింది. ఎలకలు ఎదురుగా ఉన్న పాలనీ, వెనకనున్న మోతనీ బేరీజు వేసుకుని, పాలే నయమనుకుని ఒక్క గెంతులో కలుగులోకి దూకాయి. జనం కళ్ళు తెరిచేసరికి మిగిలింది చివరి ఎలక తోక. నల్లగా, సన్నగా, మెలి తిరుగుతూ, మెల్లగా లోపలికి జారిపోయింది.

"తోక!" బుల్లమ్మ గొంతు కొండకి తగిలి తిరిగొచ్చింది. "సూసినారా! నాగన్న తోక!"

"సూసినాము! సూసినాము!"

"అది ఎలక తోకర్రా! ఏడున్నాయి! నా కళ్ళతో సూసినాను!"

"నెమ్మదిగా అను బావా, ఆ కళ్ళే పోతాయి."

అప్పుడు జనం రెండుగా చీలి దారి ఇచ్చారు. చేతిలో సంచీతో దాలమ్మ. కుమారిని అల్లుడికి ఒప్పజెప్పి మొదటి బస్సుకే బయల్దేరి వచ్చేసింది. తోక ఆవిడ కంట కూడా పడింది. పుట్ట దగ్గర మోకరిల్లి దణ్ణం పెట్టుకుని, పుట్టమన్ను తీసి చెవులకి రాసుకుని, లేచి నేరుగా కోళ్ళ గూటికి నడిచింది. భక్తి భక్తే, లెక్క లెక్కే. ఆవిడ చెయ్యి పెట్టగానే ఎర్రపెట్ట మారుమాట్లాడకుండా లేచి నిలబడింది. పాలు అంతదాకా రాలేదు. గుడ్లు పొడిగానే ఉన్నాయి.

"పన్నెండు," అంది దాలమ్మ. "నిన్న ఫోటోలో పదమూడున్నాయి. ఇయ్యాల పన్నెండు. చవితి పూట కూడా ఆగనేకపోనావేటి మావా?"

"దాలీ, నీ మీద ఒట్టు. నాను ముట్టనేదు. అది ఎలక—"

"మళ్ళీ ఎలకే! ఇంతమంది ముందు కూడా ఎలకే!"

బుల్లమ్మ అడ్డొచ్చింది. "అప్పా, అంతమాట అనీకు. ఇంకా తెలియనేదేటి నీకు? పెరట్లో నాగన్న కాపరముంటే, గుడ్డు ఎవరు పుచ్చుకుంటారు? ఆకులో ఎట్టిన గుడ్డు పెంకుతో సహా పోనాదని బావే సెప్పినాడు నాకు."

దాలమ్మ చేతిలోని సంచీ జారింది. పుట్టకేసి చూసింది, గూటికేసి చూసింది, మొగుడికేసి చూసింది. "అయితే పోయినసారి ఐదూ..."

"ఇంకెవరు? ఆయనే!"

నరసింగరావు జీవితంలో ముందెన్నడూ జరగనిది ఒకటి అప్పుడు జరిగింది. దాలమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మావా, సంతలో అన్నాను. బస్సులో అన్నాను. మీసాలని కూడా అన్నాను. తప్పయిపోనాది. కొట్లో కొన్న గుడ్డని నువ్వు ఎంత సెప్పినా నమ్మనేకపోనాను."

ఆయన గొంతులో 'ఎలక' అన్న మాట మునివేళ్ళ మీద లేచి నిలబడి ఉంది. నిజం అదే. దానికోసమే రేకులు పాతాడు, గాజుపెంకులు కూరాడు, పిండి దంచాడు. కానీ ముప్పై నాలుగేళ్ళ కాపరంలో ఇది మొట్టమొదటి 'తప్పయిపోనాది'. నిజం చెబితే ఇది వెనక్కి పోతుంది, ఆమ్లెట్టు ముందుకొస్తుంది. ఆయన ఊగిసలాడుతుండగానే పక్కన సోములు గొంతు సవరించుకున్నాడు.

"అది కాదు సెల్లీ, నానూ సూసినాను, కలుగు కాడ పెంటికలన్నీ ఎలక—"

నరసింగరావు సోములు కాలి బొటనవేలు మీద మడమతో గట్టిగా తొక్కాడు. తొక్కి, దాలమ్మ భుజం మీద చెయ్యి వేసి, "పోనీలే దాలీ, నువ్వు మాత్రం ఏటి సేస్తావు? నాకూ నిన్ననే తెలిసింది," అన్నాడు.

ఆ మాట అన్న ఫలితం ఆ మధ్యాహ్నమే మొదలైంది. దేవుడి దారికి గాజుపెంకులు అడ్డం పెడతావేటని దాలమ్మ గూట్లో సిమెంటంతా ఆయనచేతే పగలగొట్టించింది. రేకులు పీకించింది. జాలీ విప్పించింది. మరో రెండు రోజులకి ఎర్రపెట్ట కింద పన్నెండు పిల్లలు కిచకిచమంటూ దిగాయి. దర్శనం ముందుగా మొగుడికే అయింది గనక, వారం వారం నాగన్నకి గుడ్లు పెట్టే పుణ్యకార్యం కూడా ఆయన చేతుల మీదుగానే జరగాలని ఇల్లాలు తీర్మానించింది. ఇప్పుడు ప్రతి మంగళవారం పొద్దున్నే తలారా స్నానం చేసి, గూట్లోంచి రెండు గుడ్లు తీసి, చలిమిడీ చిమ్మిలీ పక్కన పెట్టి, పసుపు చల్లి, కలుగు ముందు సాష్టాంగపడి వస్తున్నాడు నరసింగరావు.

ఎలకలు కోళ్ళ గూటికి రావడం పూర్తిగా మానేశాయి.